యాభై నాలుగు

మార్కాపురం పలకల ఫ్యాక్టరీ కాటా మీద
కాశింవలిని మొదట తూచింది నేనే.
రాళ్ల మూట దించి, వాణ్ణి ఎక్కించాను.
యాభై ఆరున్నర.
"శనివారానికి రెండున్నర దిగాలన్నా"
అన్నాడు, చెప్పులు చేత్తో పట్టుకుని.

నీళ్లు మానేశాడు.
ట్యాంకరొచ్చి వీధంతా బిందెలతో కలబడుతుంటే
గోడకానుకుని చూస్తూ
ఒక్క గుక్క పుక్కిలించి
ఉమ్మేశాడు.
వాళ్లవ్వ తిట్టింది, నీళ్లు పారబోసినందుకు.
దాహం
వాడికి కోచ్ నేర్పిన విద్య కాదు.

రాష్ట్రం గెలిచాడు. దేశం, రెండుసార్లు.
పేపర్లో ముక్కు వాచిన ఫొటో వస్తే
హుసేనమ్మ పలకపొడి అంటిన వేలితో
వాపు మీద నిమిరింది
కాగితం చిరిగిందాకా.

మూడోసారి అస్సాంలో ఎక్కడో
రెఫరీ రెండో చెయ్యి పైకెత్తాడట.
వాడు చెప్పలేదు.
నేనూ అడగలేదు.

ఇప్పుడు మా దగ్గరే లోడింగు.
"పలకలెవరు కొంటున్నార్లే" అంటూనే ఎత్తుతాడు.
మూట భుజాన ఉన్నా లేకున్నా
గడ్డం ఛాతీకి దించే నడుస్తాడు
ఏ పక్కనుంచి ఏమొస్తుందోనని.

మొన్న అందరూ పోయాక కాటా ఎక్కాడు.
అరవై మూడు.
దిగి, కుండలోంచి చెంబెడు ముంచి
గటగటా తాగి, మూతి తుడుచుకోకుండా
మళ్లీ ఎక్కాడు.
"ముప్పాతిక పెరిగా. రాసుకో అన్నా!"

పుస్తకం తీశాను.
సరుకు అన్న గడిలో ఏం రాయాలో
కాసేపు తోచలేదు.
నీళ్లు, అని రాశాను.