ఓడ అంచు

రోజుకి మూడొందల కప్పులు చప్పరించి
మూడొందల సార్లు ఉమ్మేస్తాను.
జీతం నా నాలుకది. నేను దాన్ని మోసుకొచ్చే మనిషిని.
మొంబాసాలో ఈ రుచుల గదికి ఒక పక్కే కిటికీ;
టీ రంగు పట్టుకోవాలంటే ఎండ పనికిరాదు,
నీడ వెలుతురు కావాలి.

నలభై మూడో ఏట
అంతర్జాతీయ వ్యాపారంలో మాస్టర్స్ చేస్తానంటే
వేలం గుమాస్తా కజుంగు నవ్వాడు:
"ఎండిన ఆకు మళ్ళీ కొమ్మకి అతుక్కుంటుందా, మ్వనకోంబో?"
నేను ఉమ్మేసి
పక్క కప్పు దగ్గరికి జరిగాను.

వారానికి నాలుగు రాత్రులు పాఠం ఫోన్లో.
కింది వాటాలో రేపటి మహమ్రీలకి నానుతున్న పిండి, ఏలకుల వాసన.
తెర మీద ప్రొఫెసర్ ముటిసో
మారకపు రేట్లు చెబుతూ చెబుతూ
తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోతాడు.
కరెంటు పోయింది ఆయనకా, నాకా?
షిల్లింగు ఎక్కడిదాకా పడిందో
ఆ రాత్రికి ఎవరికీ తెలీదు.

ముప్పై ఒక్క చిన్న గళ్ళు మా తరగతి.
ఒకటి ఎప్పుడూ నల్లగానే ఉంటుంది.
పేరు ఎకాయ్, ఊరు లోద్వార్.
డేటా మిగుల్చుకోవడానికి ముఖం ఆపేసుకున్నాడు.
నా గొడవంతా ఆ చీకటి గడితోనే.

ప్రశ్న చిన్నది:
సరుకు ఓడకెక్కుతుండగా తాడు తెగితే
నష్టం ఎవరిది?
అంచు దాటేదాకా అమ్మినవాడిదంది పాత నియమం,
ఓడలో దించేదాకా అంది కొత్తది.
"మాకు ఓడల్లేవు" అంది నల్ల గడి.
"కొన్న మేక దారిలో దాహానికి పడిపోతే
అమ్మినవాడి ఇంట్లోనూ పిల్లలు ఏడుస్తారు.
ఏ అంచు దాటిందో చెప్పు ఆ మేక?"
రేవులో పుట్టినదాన్ని, నేనెందుకు వదుల్తాను?
పదకొండు దాటాక ప్రొఫెసరే వదిలేశాడు.

నెలకో శుక్రవారం నైరోబీకి రాత్రి రైలు.
సావో చీకట్లో ఏనుగులుంటాయంటారు.
అద్దంలో నాకు కనిపించింది నా ముఖమూ,
ఒళ్ళో తెరిచిన పుస్తకమూ:
మా తాత రాసిన ఉత్తరాల్లోలా
అక్షరాలన్నీ కుడినుంచి ఎడమకి.

తరగతి గదిలో అందరికీ కాళ్ళున్నాయి!
పెళ్ళింట్లో చెప్పులు వెతుక్కున్నట్టు
గొంతుల్ని బట్టి మనుషుల్ని వెతుక్కున్నాం.
తెర మీద ఉరిమే బ్యాంకు మేనేజరు
నా భుజం దాకా కూడా రాడు.
ఎకాయ్ మొదటి నెల రాలేదు, రెండో నెలా రాలేదు.
మూడో నెల
రెండు రోజుల దారి దుమ్ముతో గుమ్మంలో నిలబడి
"ఓడలామె ఎవరు?" అన్నాడు.
జుట్టు నెరిసినవాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడనుకుని
ఎన్ని మాటలన్నానో.

సంచిలోంచి తుర్కానా సరస్సు ఎండు చేప తీసి ఇచ్చాడు.
నా దగ్గరున్నది
వేలంలో ఎవరూ పాడని టీ, అరపావు.
విరామంలో వేణ్ణీళ్ళు అడిగి కాచాను.
మొదటి గుక్క నోట్లో తిప్పుతూ
అలవాటుగా గిన్నె కోసం చుట్టూ చూశాను.
అతను చూస్తున్నాడు.
మింగాను.
కొంచెం పొగచూరిన రుచి, ఆ పైన తీపి.
అమ్ముడుపోకూడని టీ ఏం కాదు.

పరీక్షలో నియమం నియమంలాగే రాశాను.
కింద, ఎవరూ అడక్కపోయినా,
మేక గురించి రెండు వాక్యాలు.
వాటికి మార్కుల్లేవు. పక్కన పెన్సిల్‌తో మాత్రం
ముటిసో చిన్న ప్రశ్నార్థకం గీశాడు.

పట్టా చేతికొచ్చిన మర్నాడు కజుంగు అడిగాడు:
"ఏమైంది? అతుక్కుందా ఆకు?"
నూట పన్నెండో కప్పు నోట్లో ఉంది.
జవాబు చెప్పాలంటే
ఉమ్మాలి, లేదా మింగాలి.