ముండ్లు ఎటు దిక్కు

తెచ్చిన నాడు దూదిపింజె లెక్క ఉండె,
పత్తి అని పేరు వెట్టిన.
ఇప్పుడు పదకొండు నెలలు, ముప్పై రెండు కిలోలు.
మెట్టుగడ్డ రేషన్ షాపు కాంటా మీద నిలవెడితె
డీలరు అంజిలమ్మ నవ్వుకుంట తూచింది.

పొద్దున అయిదింటికి గేటు తీస్తె
నేను వాణ్ణి తిప్పుతలేను, వాడే నన్ను తిప్పుతుండు.
పంది కనవడితె పందెనుక,
పాల బండి సప్పుడైతె దానెనుక,
ఏం లేకుంటె ఏం లేనిదానెనుక.
మొన్న సీసీ రోడ్డు మీద మోకాలు చెక్కుకపోయింది.
బస్సుల వడ్డవా అని డిపోల అడిగిండ్రు.
పదహారేండ్ల సర్వీసుల
ఫుట్‌బోర్డు మీదికెల్లి ఒక్కనాడు జారనిదాన్ని,
కుక్క గుంజితె వడ్డనని ఎట్ల చెప్త?

క్లాక్ టవర్ కాడ ముజీబ్ భాయ్ దుకాణం.
చేపల తొట్లు, పిట్టల పంజరాలు,
గోడ నిండ మేకులు, మేకుకొక మెడపట్టె.
ఇది నైలాను. ఇది తోలు.
ఇది గొలుసు, గుంజితె బిగుస్తది, ఇడిస్తె వదులైతది.
ఇగ ఇది, అని గల్లాపెట్టె కిందికెల్లి తీసిండు
ఇనుప కొక్కేల దండ,
ముండ్లన్నీ లోపలి దిక్కు.
"రెండు రోజులే అక్కా. మూడోనాడు గొర్రెపిల్ల."

గొర్రెపిల్ల అన్న మాట కాడ నా మనసు ఆగింది.

మా బీరయ్య తాత మందకొక కుక్క ఉండెనంట.
కుక్కను చూడలే, దాని పట్టెను చూసిన.
ఇంట్ల ఉన్ని కత్తెర పక్కన
ఎన్నేండ్లో వేలాడింది.
అచ్చంపేట అవతల అడవంచున మంద ఆపినప్పుడు
తోడేలు దాని గొంతు వట్టకుండ
తోలుకు మొలలు కొట్టిచ్చిండు, మొనలు బయటికి.
లోపల గొంగడి ముక్క కుట్టిండు,
మెడ ఒరుసుకపోవద్దని.
ఇనుము అదే. ముండ్లు అవే.

ముజీబ్ భాయ్‌కి ఇదంత చెప్పలే.
కొక్కేల దండ తీస్కొని నా ముంజేతికి చుట్టుకున్న,
టికెట్ల మిషన్ పట్టీ ఒరిసి కాయగాసిన చోట.
గుంజు భాయ్, అన్న.
ఆయన చెయ్యి లేవలే.
"అట్లెట్ల గుంజుత అక్కా" అన్నడు,
అని తనే మెల్లగ ఇప్పి
మల్ల గల్లాపెట్టె కిందనే వెట్టిండు.

రెండు వేళ్ల వెడల్పు బట్ట పట్టె తీస్కున్న.
నూట ఎనభై అన్నడు, నూట యాభైకి ఇచ్చిండు.

పట్టె మారితె కుక్క మారుతదా?
తెల్లారి అదే పంది, అదే భుజం నొప్పి.
కానీ ఒకటి చేస్తున్న:
తాడు బిగిసిందంటె అడుగు వెయ్య.
గుంజుడు వాని పని,
గుంజ లెక్క నిలవడుడు నా పని.
వాడు ఎనక్కి తిరిగి చూసిందాక, తాడు సడలిందాక.
"ఏమైందే, కాలు వట్టిందా?" అని
వాకిలి ఊడుస్తున్న రామక్క రోజూ అడుగుతది.

కొత్తగ డ్యూటీ ఎక్కినప్పుడు
మా పల్లె బస్సుల పైకప్పు పొడుగూత తాడుండె,
కొసకు డ్రైవర్ నెత్తి మీద గంట.
ఒక గంటకు ఆగాలె, రెండు గంటలకు పోవాలె.
స్టేజీ దాటిపోతదన్న భయానికి
రెండు చేతుల ఏలాడవడి గుంజేదాన్ని.
జానయ్య డ్రైవర్ ఒకనాడు బండి పక్కకు ఆపి అన్నడు:
"అమ్మా, బస్సును ఆపేది నేను.
నువ్వు చెప్తె చాలు."

పత్తికి ఇంక గంట వినవస్తలేదు.
నాకూ కొట్టుడు సరిగ రాలే.
మొదటి రోజు నీళ్ల ట్యాంకు దాక పోనీకి
ఇరవై ఏడు సార్లు ఆగినం,
డ్యూటీకి లేటై కంట్రోలర్‌తోని మాటలు వడ్డ.

నిన్న మాత్రం
నాలుగు కరెంటు స్తంభాల దూరం
తాడు నడుమల వంగి, నేలను తాకుకుంట వచ్చింది.
నేను ఊపిరి గూడ గట్టిగ తీస్కోలే.

అయిదో స్తంభం కాడ పంది ఉండె.