పత్తి వల

అరౌసా అఖాతంలో ఫిబ్రవరి.
నీలగిరి దూలాల తెప్ప మీద
దోసిందా మోకును పైకి లాగిస్తోంది.
పన్నెండు మీటర్ల నల్లటి గుత్తి,
నీళ్ళు కారుతూ, టకటకమంటూ,
చిప్ప మీద చిప్ప, దాని మీద మరొకటి.
నేను వచ్చింది ఒక్క బకెట్టెడు కోసం,
విగోలో మా లేబొరేటరీకి.

"జిగురు చెయ్యడానికా?" అంది మొదటిసారి.
"వీటిని ఊడబెరకలేక మేం చస్తుంటే
నువ్వు అతికించుకోవడానికొచ్చావా?"

చూపించింది.
ఆల్చిప్ప సందులోంచి నాలుకలాంటి పాదం.
ఒక్కటే పాదం.
రాతిని తడుముతుంది, నొక్కుతుంది,
తనకీ రాతికీ మధ్య నీటిని
ముందు బయటికి గెంటుతుంది.
ఆ తర్వాతే వదులుతుంది
పాలలాంటిదేదో, చూస్తుండగానే దారమయ్యేది.
సముద్రంలో కరిగిన ఇనుమును రవ్వంత ఏరుకుని
ఆ దారానికి పైపూతగా పూస్తుంది.
పాదం వెనక్కి పోతుంది. దారం మిగులుతుంది,
కొసన చిన్న బిళ్ళతో.
చూడ్డానికి పట్టు. పట్టంటే అదీ.

నా ఉద్యోగం ఊడదీయడం.
ఉదయం తొమ్మిదింటికి పళ్ళెంలో చర్మకణాలు
వీధిలో పరిచిన బండల్లా
సందు లేకుండా ఒరుసుకుని ఉంటాయి.
కణానికీ కణానికీ నడుమ చేతుల్లాంటి ప్రొటీన్లు.
ఆ చేతులు బిగిసి ఉండాలంటే కాల్షియం కావాలి,
గోడకు సున్నం కావలసినట్టు.
నేను ఆ సున్నాన్ని తాగేసే ద్రవం పోస్తాను.
ఐదు నిమిషాలు.
చేతులు జారతాయి.
అంచులు ముడుచుకుని, ఒక్కోటీ గుండ్రమై,
అంటీముట్టనట్టు తేలిపోతుంది.
చేరిన కొత్తలో చూడలేకపోయేదాన్ని.
కొత్త పళ్ళెంలో వదిలితే
సాయంత్రానికల్లా కాళ్ళు చాపుకుని
మళ్ళీ నేలను తడుముతుంటాయి.
అది చూశాక గానీ నాకు నిద్రపట్టలేదు.

మా జిగురు సంగతా?
పదహారో మిశ్రమం. పొడి గాజు మీద ఉడుంపట్టు.
తడి పందిచర్మం మీద
యంత్రం ఇలా లాగిందో లేదో
పాల మీది మీగడలా లేచొచ్చింది.

దోసిందా బొటనవేలు తెగిన రోజు
వద్దంటున్నా నా సంచిలో గొట్టం లాక్కుంది.
జిగురు నెత్తుట్లో ఈదుకుంటూ పోయింది.
"తుడవకుండా అంటిస్తే ఏదంటుతుందే పిల్లా?
దాని పాదం చూసీ నేర్చుకోలేదూ?"
గుడ్డపీలిక చుట్టుకుని మళ్ళీ మోకు పట్టుకుంది.
వారానికి గాయం దానంతటదే మూసుకుంది.
చెప్పాను: అంచున ఉన్న కణాలు
పక్కవాటి మీద పట్టు కాస్త సడలించి,
పాక్కుంటూ వచ్చి, అవతలివాటిని అందుకుంటాయని.
వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.
"వదలకపోతే నడవలేవన్నమాట" అంది,
చేపలధర చెప్పినంత మామూలుగా.

ఏప్రిల్లో గుత్తులు బరువెక్కాయి.
అలాగే ఉంచితే తమ బరువుకి తామే రాలిపోతాయి.
ఆమె మేనల్లుడు చింతో వాటిని పీకి, విడదీసి,
కొత్త మోకు చుట్టూ పేర్చి,
పైన పలచని పత్తి వల చుడుతున్నాడు.
"ఎన్నాళ్ళుంటుంది వల?"
"మూడు రోజులు. మహా అయితే నాలుగు. కరిగిపోతుంది."
"ఆ తర్వాత?"
నావైపు వింతగా చూశాడు.
"తర్వాతేముంది? ఈలోగా అవే పట్టుకుంటాయి."

నోటుపుస్తకం తీసి రాసుకున్నాను.
పదిహేడో మిశ్రమం: ముందు నీటిని గెంటేది. పట్టేది ఆనక.
దాని కింద, ఎందుకో, వల అని రాసి
రెండు గీతలు గీశాను.

తిరుగుప్రయాణంలో,
పడవ అడుగున నిలిచిన నీళ్ళలో,
నా రబ్బరు బూటుకి ఒక పిల్ల ఆల్చిప్ప
అప్పుడే రెండు దారాలు వేసింది.
చింతో పీకబోతే వద్దన్నాను.
రేవు కనబడేసరికి
ఒక దారాన్ని అదే తెంచుకుంది.
పాదం చాపి, కాస్త పక్కగా,
మళ్ళీ తడుముతోంది.