పై ముగ్గురూ ఒకరే

పదో తరగతి మార్కుల లిస్టులో నేను సి. మునికుమారి.
ఎస్వీ యూనివర్సిటీ పట్టాలో మునికుమారి సి.
పాస్‌పోర్టులో మాత్రం వంశమంతా ఒక్కసారే బండెక్కింది:
చెంగల్రాయప్పగారి మునికుమారి.

మాల్దీవుల బడి పంపిన ఫారంలో
పేరుకు ఇరవై గళ్లు.
ఇంగ్లీషులో ఇంటిపేరే పద్దెనిమిది తినేసింది.
ఒక గడి ఖాళీగా వదలాలంట.
మిగిలిన ఒక్క గడిలో
నేను పట్టాల.

సంతపేట నోటరీ ఆయప్ప
నూరు రూపాయల బాండు పేపరు మీద టైపు కొట్టించినాడు:
పై ముగ్గురూ ఒకరే, వేరు వేరు కారు.
"ప్రమాణం చేస్తారు కదా మేడమ్" అన్నాడు నవ్వులాటకి.
నాకు నిజంగానే గొంతు పట్టుకునింది.

మొదటామెకు చెప్పుల్లేవు.
పాకాల బడి వరండాలో
ఆవర్తన పట్టికంతా అప్పజెప్పింది గానీ
సోడియం ఎట్లుంటుందో కంటితో చూళ్ళేదు.
రెండో ఆమెతో నాకు పెద్దగా పరిచయం లేదు,
హాస్టల్లో రెండేండ్లు ఉండి యాడికో పోయింది.

తిరపతి బస్సులో కండక్టరు
"కొండకామ్మా?" అనడిగినాడు.
కాదు నాయనా, పోలీసు సర్టిఫికెట్‌కి.
అక్కడా టోకెనే, అక్కడా క్యూనే,
గాజు తలుపు వెనక చల్లటి గాలి,
లడ్డూ ఒకటే తక్కువ.
యంత్రం మీద వేలు పెట్టమంటే పెట్టినా.
గీతలు పడలేదు.
ఇంకోసారి. ఇంకోసారి.
"ఏం పని చేస్తారండీ" అనడిగింది ఆ పిల్ల
తడిగుడ్డ అందిస్తా.
తుడిస్తే గుడ్డకు తెల్లగా అంటుకునింది,
పొద్దున ఒక్క పీరియడ్డే చెప్పొచ్చినా.

పదిరోజులకు మురకంబట్టు ఇంటికి కానిస్టేబులు వచ్చినాడు.
టోపీ తీసి చంకలో పెట్టుకొని
వాకిట్లోనే నిలబడిపోయినాడు.
మూడో బెంచీ దామోదరం!
పిపెట్టుతో పీల్చి పర్మాంగనేటు మింగి
వారం దినాలు ఊదా రంగు పండ్లతో తిరిగినోడు.
వాడి టీసీలో నడత దగ్గర
పరవాలేదు అని రాసింది నేనే.
బాగుంది అని రాసుండచ్చు.
సిరా ఏమీ ఎక్కువ ఖర్చయ్యేది కాదు.
ఆ దినం ఎందుకో చెయ్యి రాలేదు.

ఇప్పుడు కాగితం వాడి తొడ మీద ఉండాది.
నడత అనే గడి దగ్గర పెన్ను ఆగింది.
తలెత్తి నన్ను చూసినాడు, రాసినాడు.
ఏం రాసినాడో చూపించలేదు, నేనూ అడగలేదు.
టీ తాగి పోరా అంటే డ్యూటీ మేడమ్ అన్నాడు.
గేటు దాకా పొయ్యి తిరుక్కొని
"ఆ దీవిలో ల్యాబు ఉంటుందా?"

ఉంటుందంట.
మా బడిలో ఉన్నదాన్ని పోయిన వేసవిలోనే
కంప్యూటర్ల గది చేసేసినారు.
బ్యూరెట్లను పాతసామాన్లోడు తూకానికి అడిగితే
నేను పోట్లాడి రెండు ఇంటికి తెచ్చుకున్నా.
వాటిని పెట్టెలో ఎట్ల సర్దాలో ఇంకా తెలీదు.
పద్దెనిమిదేండ్లు ఎండిన నీవా ఏటిని చూపిస్తా
నీటి చక్రం పాఠం చెప్పినదాన్ని.
పొద్దున లేస్తే నాలుగు పక్కలా నీళ్ళే చూసే పిల్లోళ్లకి
ఆ పాఠం ఏ పక్కనించి మొదలుపెట్టాల?

మామిడి లారీల కాలంలో వచ్చింది వీసా కాగితం.
గుజ్జు ఫ్యాక్టరీ దాకా బండ్లు నిలిచిపోయి
రోడ్డంతా తోతాపురి పులుపు.
జిరాక్సు అంగట్లో మిషను
ముక్కుతా మూలుగుతా దాన్ని బయటికి తోసింది.
ముద్ర ఉండాది. తేదీ ఉండాది.
ఉద్యోగం: రసాయన శాస్త్రం టీచరు.
పేరు: చెంగల్రాయప్పగారి ఎమ్.

ఒక్క అక్షరంతో బతికే మూలకాలు శానా ఉండాయి.
కార్బనుంది, నత్రజని ఉంది,
ఊపిరి పీల్చుకునేదే ఒక్క అక్షరం.
దారంతా వరసగా గుర్తు చేసుకుంటా నడిచినా,
మొదటామె అప్పజెప్పినట్టే, చెప్పుల చప్పుడుతో.
ఎమ్ అని మాత్రం
ఏ గడిలోనూ ఎవురూ లేరు.