మూడు రైళ్లు

పీణ్య రెండో స్టేజీలో, మా షెడ్డు గడియారం
ఎప్పుడో చచ్చిపోయింది.
ఆసిడ్ ఆవిరికి ముందు ముల్లు తుప్పు పట్టింది,
తర్వాత ముల్లును తిప్పేది.
ఇక్కడ ఇనుమన్నది రెండేళ్లు బతకదు.
గొళ్లెం, తాళం, రుద్రేశ్ సార్ స్కూటరు బ్రేకు తీగ,
నా రవికె హుక్కులు.
గాజు ఒక్కటే బతుకుతుంది.
ఆ గాజులేమో చేతి తొడుగులో పట్టవని
గేటు కాడనే తీసి డబ్బాలో పెట్టొస్తాను.

కొత్తగా వచ్చినోడు ఉరుకుందు, ఆదోని పిల్లోడు.
మొదటిరోజే అడిగినాడు:
"అక్కా, మంచినూనె మాదిరి ఉందే,
వాసన కూడా లేదు. దీనికా ఇంత భయం?"
మంచినూనె కాదురా, కాగిన నూనె అనుకో.
బూరెల మూకుట్లో చెంచాడు నీళ్లు పడితే
ఏమైతుందో మీయమ్మనడుగు.
నీళ్లు ముందు. ఆసిడ్ తర్వాత.
తొట్టి గోడెంబడి, సన్నగా,
పసిబిడ్డకు ఉగ్గు పోసినట్టు దించాల.
తిరగేసి పోసినావా,
అది ఎగిరొచ్చి నీ మొహం వెతుక్కుంటుంది.

నవ్వినాడు.
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని మరీ నవ్వినాడు.
నేనే కిందికి లాగినాను.

చొక్కా మీద చుక్క పడితే
ఆ రోజు ఏమీ కనపడదు.
ఆదివారం ఉతికి దండెం మీద ఆరేస్తే
చుక్క పడిన చోటల్లా ఆకాశం.
పక్కింటి నంజమ్మ అడుగుతుంది,
ఎలుకలు కొట్టినాయా అని.

షెడ్డు మూల, ఎత్తు స్టాండు మీద
నీలం డ్రమ్ము నాది. కింద కుళాయి, రబ్బరు గొట్టం.
ఎర్ర పిడి షవరు ఉంది, లేదనను.
ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు దాంట్లో వాన కురుస్తుంది.
మార్చి నుంచి బోరు గాలి కక్కుతోంది,
ట్యాంకరు మంగళవారం, శుక్రవారం.
అందుకే డ్రమ్ము.
ఆ నీళ్లతో టీ పెట్టకూడదు.
రెండు బక్కెట్లు రిన్సు తొట్టిలో పొయ్యమని
సారొచ్చి అడిగినా ఇయ్యను.
లంకెబిందెల మీద పాము అని పేరు పెట్టినారు.
పెట్టుకోనీ.

బుధవారం సాయంత్రం
క్యాను మూత బిగుసుకుంటే
ఉరుకుందు మోకాళ్ల నడుమ ఇరికించి తిప్పినాడు.
ఉక్కపోతకని తొడుగు మణికట్టుదాకా మడిచి పెట్టినాడు.
ముందు అరుపు లేదు.
"అక్కా, వెచ్చగా ఉంది" అన్నాడంతే.

గొట్టం కిందికి గుంజినాను. చెయ్యి చొక్కా చింపినాను.
సోడాపొడి అన్నాడొకడు,
పసుపన్నాడొకడు,
టూత్‌పేస్టు కోసం ఉరికినాడు ఇంకొకడు.
ఏమొద్దు. నీళ్లు. పారే నీళ్లు.
పావుగంట అని బోర్డు మీద ఉంది,
ఫోన్లు గేటు కాడ, గడియారం చూస్తే అదీ.
కిటికీ అవతల గాల్లో మెట్రో పోతుంది.
ఆ వేళకు ఐదు నిమిషాలకొకటి.

మొదటి రైలు. "చాలక్కా, తగ్గింది."
తగ్గలేదురా, చల్లబడింది.
రెండో రైలు. పళ్లు కొట్టుకుంటున్నాయి.
ఉరుకుంద ఈరన్నను తిట్టినాడు, తర్వాత నన్ను.
మూడో రైలు
రాలేదు.
డ్రమ్ము అడుగుకు పోతున్న చప్పుడు వినపడుతోంది,
బిందె తోముతున్నట్టు.
పట్టాల మీద ఒక పావురం నడుస్తోంది.
వాడి చెయ్యి నేను వదల్లేదు,
గుంజుకున్నా వదల్లేదు.
నాగసంద్ర వైపు నుంచి వెలుతురొచ్చినప్పుడు
గొట్టంలో ఇంకా సన్న ధార ఉంది.

ఆసుపత్రి, మూడు వారాలు. కూలి సగం కోసినారు.
మోచేతి కింద మామిడాకంత మచ్చ,
ఎముక దాకా పోలేదన్నాడు డాక్టరు.
వచ్చిన మంగళవారం ట్యాంకరు పైపు
రిన్సు తొట్టి కంటే ముందు
నీలం డ్రమ్ములో పెట్టినాడు ఉరుకుందు.
ఎవరూ ఏమీ అనలేదు.

సార్ కొత్త గడియారం తెచ్చినాడు, ప్లాస్టిక్‌ది.
లోపల ముల్లు ఇనుమే.