కుడిచేతి గోర్లు

చండూరు చర్చిల మూలకు పడ్డ గిటారు.
తెగిన రెండు తీగెల జాగల
చేపల గాలం దారం కట్టిండు బర్నబాసు.
తొమ్మిదేండ్లు అప్పుడు వానికి.

పత్తి ఏర రాకురా, గోర్లు ఇరుగుతయి
అన్నది అక్క.
వాని సాలు గూడ తనే ఏరింది, ఐదేండ్లు.

ఎడమచేతి గోర్లు కురుచ, కుడివి పొడుగు.
బడిల పోరగాండ్లు నవ్విన్రు.
తాత నవ్వలే.
ఫ్లోరైడు నీళ్లకు కొంకర్లు పోయిన తన ఏళ్లు
వాని ఏళ్ల పక్కన వెట్టి
చానసేపు సూసిండు.

పట్నంల పోటీ గెలిస్తే పేపర్ల ఫోటో వడ్డది,
కింద పేరు తప్పు.
మల్ల పదేండ్లు ఫోటో లేదు.
పెండ్లిండ్లకు కీబోర్డే గావాలన్నరు.
రాత్రులు బియ్యం మిల్లు కాంటా కాడ
లారీ నంబర్లు రాసిండు,
ఎడమచేత్తోని.

మొన్న నల్లగొండల, చిన్న హాలు,
నలభై మంది గూడ లేరు.
ఫ్యాన్లు బందు వెట్టమన్నడు, అంత సన్నటి సప్పుడు.
ఆఖరు తీగె ఊగుడు ఆగినంక
ఎవ్వరు సప్పట్లు కొట్టలే,
అయిపోయిందని తెల్వక.

అక్క కొట్టింది.
గోరు తీగె మీదికెల్లి లేసుడు
ఎనుక కుర్చీలకెల్లే సూసింది.