నిలబడి పాలు తాగితే

టిప్పరరీలో ఒక అశ్వశాల.
అక్కడ బిల్లులు రాసేదాన్ని నేను.
కిటికీ అవతల లాయంలో నైన్త్ బెల్,
జేగురు రంగు ఒళ్లు, నుదుట సగం చెరిగిన చుక్క.
కిటికీ ఇవతల, నా టేబుల్ మీద, దాని ధర.

వచ్చిన ఏడు ఇరవై వేల యూరోలు,
ఒక్క గోడిగకి, ఒక్క చూలుకి.
మూడో ఏడు పన్నెండు.
పిల్లలింకా పరుగెత్తలేదు,
పరుగెత్తని కాళ్ల మీద ఎవరికి నమ్మకం?
నాలుగో ఏడు వేసవిలో
వేలంలో ఎవరూ చెయ్యెత్తని బక్కపిల్ల ఒకటి
కర్రా మైదానంలో అందరికీ తోక చూపించింది.
ఆ నవంబరులో డెబ్బై అయిదు వేలని టైపు చేసి
సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

మలకీ మాత్రం అదే రేకుడబ్బాతో ఓట్లు కొలిచాడు.
గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు,
ధర పెరిగినా దాణాకి ఎక్కువా లేదు.
మలకీ జీతానికీ లేదు.

డుగన్ గురించి కూడా చెప్పాలి.
పొట్టి గుర్రం, తడి బొగ్గు రంగు.
గోడిగ ఎదకొచ్చిందో లేదో చూడ్డానికి
మెత్త కుట్టిన చెక్కగోడకి ఇటు నిలబెడతారు దాన్ని.
వాసన చూస్తుంది, మెడ వంచుతుంది,
గొంతులో ఉన్న మంచి మాటలన్నీ చెబుతుంది.
అటునుంచి జవాబు రాగానే
కళ్ళెం పట్టి లాగేస్తారు.
వానలో తిరిగి వెళ్లేటప్పుడు అది వెనక్కి చూడటం
నేను పద్దెనిమిదేళ్లు చూశాను.
నా రిజిస్టర్లో డుగన్‌కి గడి లేదు.

తర్వాత, నైన్త్ బెల్ పిల్లలు
రెండేళ్లప్పుడు మెరుపులు, మూడేళ్లకి మామూలు గుర్రాలు.
ముప్పై అయింది. మరుసటేడు పదకొండు.
ఫోటోలు తీసేవాళ్లు గేటు దారి మర్చిపోయారు.
అది మాత్రం పొద్దున్నే తలుపు తన్నడం మానలేదు.

ముప్పై ఉన్న ఏడు వచ్చింది నోరీన్ గ్లీసన్,
పై పొలం అమ్ముకుని, ఉన్న ఒక్క గోడిగని తోలుకుని.
గోడిగ కడుపులో పదకొండు నెలలు;
ఆ నెలల్లోనే, నేను టైపు చేసిన కాగితం మీద,
ముప్పై కాస్తా పదకొండైంది.
ఒప్పుకున్న మాట మాత్రం ముప్పైయే.
ఒప్పందంలో ఆరో షరతు, నేనే వందసార్లు కొట్టిన వాక్యం:
పిల్ల నిలబడి పాలు తాగితేనే డబ్బు.

మార్చి రాత్రి. కాపలా కుర్రాడికి జ్వరం,
టార్చి పట్టుకోడానికి నేను వెళ్లాను.
గడ్డి మీద తడిసిన గోనెసంచిలా పడింది పిల్ల. ఆడది.
ఆడదంటే వేలంలో ఇంకాస్త తక్కువ,
ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ఎవరమూ అనలేదు.

ముందుకాళ్లు చాపింది. కూలింది.
వెనక్కాళ్లు లేపింది. ముక్కు గడ్డిలో గుచ్చుకుంది.
నోరీన్ మోకాళ్ల మీద కూచుని
"పడుకో తల్లీ, కాసేపు పడుకో, ఏం తొందర" అంటోంది.
ఆమె చేతులు మాత్రం
పిల్ల పొట్టకింద చేరి పైకి ఎత్తుతున్నాయి.

గంటా పది నిమిషాలు.
పిల్ల లేచింది, పక్కకి ఒరిగింది, నిలదొక్కుకుంది.
దాంతోపాటే ముప్పై వేల అప్పు కూడా
నాలుగు కాళ్ల మీద లేచి నిలబడింది.
పొదుగు వెతుక్కుంటూ ముందు గోడని చీకింది,
తర్వాత మలకీ కోటు గుండీని,
తర్వాత దొరికింది.
ఆ చప్పుడు విని నోరీన్ నవ్వింది,
నవ్వి, నా వైపు చూసింది.

టైము మూడూ ఇరవై. శుక్రవారం.
రిజిస్టర్లో రాయాలి, రాశాను.
బిల్లు మాత్రం
సోమవారం దాకా టైపు చెయ్యలేదు.